తపాలా బిళ్ల నంటించు చేతియంత్రము

గృహకృత్యములను సులభము చేయుటకై పుట్టిన యంత్రములను గూర్చి పత్రికలలో తఱచుగా వ్రాయుచుందురు. కుట్టుయంత్రము, పిండి విసరు యంత్రము, బట్టలుతుకు యంత్రము మొదలగువాని కథలు మన సోదరీమణులలో పెక్కుమందికి దెలిసినవే. కాని యుత్తరముపై తపాలా బిళ్ల నంటించుట యను నొక్క పనికొఱకే, చేతితో బట్టుకొని నొక్కదగిన యంత్రమొకటి పుట్టినదనిన కొందఱు నవ్వుదురు. బిళ్ల నంటించుటకు కూడ యంత్రమా! వ్రేలు లేదా, గిన్నెలో నీళ్లు లేవా యని యడుగుదురు. ఆ ప్రశ్న సహజమే. నెలకు పది యుత్తరములు వ్రాయు నింట నిది వట్టి యాటవస్తువే యగును. అయినను దీని చరిత్ర కొంత తెలిసికొన్న పిమ్మట మాకు దోచిన దేమనగా, ఈ యంత్రమును గల్పించినవారు ముఖ్యముగా దలచినది నాలుక శ్రమను గాదు, పెట్టె తాళమును. నాలుకకు గలిగిన సుఖము దారిలో దొరికిన లాభము. ఆ సంగతి యెట్టిదో యిచట వివరించెదము.

ముందుగా నాలుక మాట చెప్పుకొందము. బిళ్ల వెనుక బూసిన బంకను నాలుకతో దడిపి యంటించుట ఐరోపా, అమెరికా ఖండములలో నెవ్వరును దప్పుగా నెంచని యలవాటు. మన యిండ్లలో నది యెంగిలి. పెద్దవారికి వ్రాయు నుత్తరమును, దేవస్థానమునకు బంపు నుత్తరమును, అన్నింటిని మించి శుభలేఖను ఎంగిలి చేసి పంపుట యెట్లని మన ముత్తవలు సంకోచించిరనిన దానిని మూఢత్వమని త్రోసివేయరాదు. ఒకరి నోటి తడి మఱియొకరి చేతికి బోగూడదనుట శుచికి సంబంధించిన మాటయే. బిళ్ల మనకడకు వచ్చులోపల నెందఱి చేతులు మాఱినదో మన మెఱుగము. దానిని నోట బెట్టుకొనుట మనకును మంచిది కాదు.

అందుచేత మనవారు వేఱు మార్గములు వెదకికొనిరి. వ్రేలిని నీట ముంచి బిళ్ల వెనుక రాచుట యొకటి. తుమ్మబంకను నీట నానవైచి సీసాలో నుంచుకొనుట యొకటి. అన్నపు మెతుకును నలిపి పూయుట మఱియొకటి. అంటుకొనుటకు దానిని మించినది లేదు గాని, వండిన యన్నము ముట్టిన చేయి కడుగుకొనవలసినదే గనుక ఆచారము గల యిండ్లలో నదియు నొక చిక్కే. ఎంగిలి తప్పించుకొనబోయి యంటు దెచ్చుకొనినట్లగును. ఇక తపాలా కచ్చేరిలోని బంకగిన్నె సంగతి యెఱుగని వారుండరు. బల్లకంతకు బంక, కలమునకు బంక, మన చీర చెఱగునకు బంక. బిళ్లకు మాత్రము కావలసిన చోట నుండదు.

బిళ్లకు బంక పుట్టుకతోనే వచ్చినది. ఇంగ్లండులో సర్ రోలండు హిల్లు గారి పథకము ననుసరించి 1840వ సంవత్సరము మే నెల 6వ తేదీనుండి ఒక పెన్నీ నల్లబిళ్ల చెల్లుబడిలోనికి వచ్చినది. అంతకుముందు ఉత్తరపు రుసుమును సాధారణముగ నందుకొనువారే చెల్లించుచుండిరి. ఎంత దూరము, ఎన్ని కాగితములు అను లెక్కనుబట్టి యది పెరుగుచుండెను. పంపువారే ముందుగా స్వల్పమైన యొకే రుసుము చెల్లించి, అందులకు గుర్తుగా చిన్న కాగితపు ముక్క నంటింపవలయు నను నేర్పాటుతో నుత్తరము బీదవారికిని అందుబాటులోనికి వచ్చెను. ఆ ముక్క వెనుక పిండిపదార్థములనుండి చేసిన బంక పూసిరి. ఒక్కొక్క పలకలో 240 బిళ్లలుండెడివి. నడుమ రంధ్రములు లేకుండుటచే కత్తెరతో గత్తిరించుకొనవలసియుండెను. హెన్రీ ఆర్చరను నాతడు రంధ్రములు వేయు యంత్రమును గనిపెట్టగా, 1853లో ప్రభుత్వమువారు 4,000 పౌనులిచ్చి యా హక్కును గొనిరి. మరుసటి యేడు నుండి బిళ్లలు చించుకొనుటకు వీలుగా వచ్చినవి.

మన దేశమున 1854లో కలకత్తా నగరమున కెప్టెను తూలియరు అను నుద్యోగి పర్యవేక్షణమున నచ్చొత్తిన తొలి అఖిలభారత బిళ్లలకు రంధ్రములును లేవు, వెనుక బంకయు లేదు. పావు తులము మించని యుత్తరమునకు దేశమందంతట అర్ధణా రుసుము. అంటించుకొను భారము కొన్నవారిదే. మన యన్నపు మెతుకునకు గల ప్రతిష్ఠ యానాటినుండియే వచ్చినదేమో! హైదరాబాదు సంస్థానమువారు 1869 మొదలు తమ బిళ్లలను దామే వేసికొనిరి. సంస్థానపు బిళ్లలపై తెలుగక్షరములు కూడ నుండుట మన కభిమానకరమైన విషయము. ఇది ప్రసంగవశమున జెప్పితిమి.

బంకగల బిళ్లతో మఱియొక తొందర కలదు. గాలిలో తేమ యెక్కువైనపుడు బంక దానంతట నదియే తడియై బిళ్లలన్నియు నొకదానికొకటి పట్టుకొనును. వానకాలమున కాకినాడ, బందరు ప్రాంతములవారికి దీనిని వేఱుగ జెప్పనక్కఱలేదు. అమెరికాలో నీ బాధ తగ్గించుటకు ఒక కాలమున వేసవికి గట్టిబంకయు, చలికాలమునకు మెత్తబంకయు వేఱువేఱుగ బూసి బిళ్లలు సిద్ధపఱచెడివారు. ఊరగాయలకు ఋతువునుబట్టి యుప్పు పాళ్లు మార్చునట్టి విద్యయే యిది.

ఇక కార్యస్థానములలోనికి బోవుదము. పంతొమ్మిదవ శతాబ్దాంతమున అమెరికాలో వర్తకము ఉత్తరములపై సాగ నారంభించినది. విత్తనములమ్మువాడు, మందులమ్మువాడు, బట్టలమ్మువాడు, తమ ధరలపట్టికలను వేలకొలది యిండ్లకు బంపుచుండిరి. ఒక్కొక్క వర్తకశాలనుండి దినమునకు వేలకొలది కవరులు బయలుదేఱుట సామాన్యమాయెను. వాని నన్నిటిని మడుచుట, కవరులో బెట్టుట, మూత యంటించుట, బిళ్ల వేయుట యెవరి పని? చిన్న జీతములకు గుదిరిన గుమాస్తాల పని. వారిలో యువతులు నానాటికి హెచ్చుచుండిరి. ఒక లెక్క వేసి చూతము. ఒక్క బిళ్లను పలకనుండి చించి, తడిపి, సరిగా నంటించుటకు ఆఱు సెకనులు పట్టుననుకొందము. నిమిషమునకు పది. వేయి కవరులకు నూఱు నిమిషములు. అంతసేపును నాలుక మీదనే పని జరిగినచో ఆ నాలుక గతి యేమగునో చెప్పనేల? తడిస్పంజి గిన్నెలు లేకపోలేదు. కాని స్పంజి త్వరలో మురికియగును, బంకతో నిండును, వ్రేళ్లు జిగటయై బిళ్లలు వ్రేళ్లకే యంటుకొనును.

యజమానులను గదలించినది మాత్ర మీ బాధ గాదు. తపాలా బిళ్ల యనగా డబ్బు. పైగా చిన్నది, తేలికయైనది, పేరులేనిది. ఒక పలకను మడిచి జేబులో వేసికొన్న నెవరికిని దెలియదు. ఇంగ్లండులో బిళ్లలను తపాలా కచ్చేరికే తిరిగి యిచ్చి కొంత తరుగుతో రొక్కము పుచ్చుకొను వీలు కూడ నొకప్పుడుండెను. కాజేసినవానికి నిది మఱింత సదుపాయము. దీనికి విరుగుడుగా లండనులోని జోసెఫు స్లోపరు అనువాడు 1868లో తపాలాశాఖవారి యనుమతితో నొక పద్ధతి తెచ్చెను. బిళ్ల నడుమ సూదిమొన లంతటి రంధ్రములతో వర్తకసంఘపు పేరులోని పొడియక్షరములను గ్రుచ్చుటయే ఆ పద్ధతి. పచ్చబొట్టు వేసిన బిళ్ల యన్నమాట. అట్టిదానిని గుమాస్తా దొంగిలించినను బయట నమ్ముకొనజాలడు. అమెరికాలో నీ పద్ధతి 1908 నుండి యనుమతింపబడెను. మన దేశమున గూడ పెద్ద వర్తకసంఘములును బ్యాంకులును దీని నవలంబించినవి. పాత యుత్తరములు దాచుకొన్న యిండ్లలో నొక కట్ట విప్పి, బిళ్లలను వెలుతురున కడ్డముగ బట్టి చూచినయెడల నట్టి రంధ్రాక్షరములు కనబడవచ్చును.

అక్షరములు గ్రుచ్చుట దొంగను బట్టుటకు బనికివచ్చును గాని పని నేమియు దగ్గింపదు. పనిని దగ్గించుచు, బిళ్లను చేతికే యందనీయక, ఎన్ని వాడబడెనో తానే లెక్కచెప్పు సాధన మొకటి కావలెనని పలువురు శిల్పులు యోచించిరి. అట్టి సాధనమునకు మొదటి యడ్డంకి బిళ్లల పలకయే. పలక వెడల్పైనది, యంత్రము నోట నది పట్టదు. బిళ్లలు నాడావలె నొకే వరుసగా నుండి చుట్టగా జుట్టబడవలయును. 1906లో అమెరికా తపాలాశాఖవారు రంధ్రములు లేని పలకలను యంత్రములు చేయు కంపెనీలకు విడిగా నమ్మ నారంభించిరి. ఆ కంపెనీలవారు వానిని బద్దలుగా గోసి, కొనకు కొన యతికించి చుట్టలు చేసికొని, తమతమ యంత్రములకు దగిన రంధ్రములు తామే వేసికొనిరి. డెట్రాయిటు నగరమున జోసెఫు షెర్మాకు అనువాని యంత్రమునకు బిళ్ల ప్రక్కను నలుచదరపు రంధ్రములు రెండు. యంత్రపు పండ్లు వానిలో దూరి బిళ్లను ముందునకు ద్రోయును. 1908 నుండి తపాలాశాఖవారే చుట్టలను జేసి యమ్మసాగిరి.

ఈ చుట్టలు మొదట యంత్రముపై దయారైనవనుకొనరాదు. వాషింగ్టనులోని ప్రభుత్వ ముద్రణాలయమున పలకలను బద్దలుగా గత్తిరించి, ఒక్కొక్క బద్దను మఱియొకదానికి జేతితోనే యతికించెడివారు. అనగా అమెరికాలోని గుమాస్తా చేతికి బంక తప్పించుటకై ముద్రణాలయములోని పనివారి చేతులు బంకలో మునుగుచుండెను. శ్రమ యొకచోట మాయమైనదనిన, అది మఱియొకచోట దేలినదేమో చూచుకొనవలయు నని మా యభిప్రాయము. అతుకు వచ్చినచోట చుట్ట దళసరిగా నుండుటచే యంత్రమున కదియు నొక యాటంకమే. అదే ముద్రణాలయమున బెంజమిను స్టిక్నీ అను యంత్రశిల్పి బిళ్లలను ఎడతెగని కాగితపు చుట్టపై నచ్చొత్తు తిరుగుడు యంత్రమును గల్పింపగా, 1914 నుండి యట్టి చుట్టలు వెలువడినవి. చేతి యతుకుల పని క్రమముగా దగ్గెను.

ఆ తొలిదినముల చుట్టలలో రెండింటి కథ చెప్పదగినది. 1908లో నాలుగు సెంట్ల బిళ్లలు పదివేలు మాత్రము షెర్మాకు రంధ్రములతో దయారై, ఒక పెద్ద ప్రకటనపు పంపకమున యంత్రముతో గవరులపై నంటింపబడినవి. 1911లో మూడు సెంట్ల బిళ్లల చుట్టలు కొన్ని, న్యూయార్కు రాష్ట్రమున ఆరెంజిబర్గు అను నూర నొక మందుల కంపెనీకి బోయినవి. ఆ కంపెనీవారు వైద్యులకు మందుల మచ్చులు పంపుటకు వానిని వాడిరి. వైద్యుడు మచ్చును దీసికొని కవరును బుట్టలో బాఱవైచెను. ఈ రెండు తెగల బిళ్లలును నేడు బిళ్లలు సేకరించువారు ప్రాణపదముగా జూచుకొను నపూర్వవస్తువు లైనవి. యంత్రము త్వరగా నంటించినది. జనులు మఱింత త్వరగా జించివేసిరి. అందుచేతనే వానికా విలువ.

షెర్మాకు యంత్రము బల్లపై నుంచి నడుపు పెద్దది. దాని తరువాత చేతియంత్రములు ప్రచారములోనికి వచ్చినవి. వానిలో న్యూయార్కు రాష్ట్రమందే రాచెస్టరు నగరమున మల్టీపోస్టు అను కంపెనీవారు చేసినది మిక్కిలి వ్యాప్తి గాంచినది. దాని స్వరూప మిట్లుండును. గుండ్రని లోహపు డబ్బీ యొకటి; అందు బిళ్లల చుట్ట నమర్తురు. చుట్టలో సాధారణముగ 500గాని 1,000గాని బిళ్లలుండును. పైన అరచేతితో నొక్కుటకు బుడిపె గల పిడి. నీటికి చిన్న తొట్టి. అడుగున పదునైన చిన్న కత్తి. కవరును బల్లపై నుంచి, దాని కుడిమూలను యంత్రమును నిలిపి, పిడిని క్రిందికి నొక్కవలయును. ఆ యొక్క నొక్కులోనే బిళ్ల ముందునకు జరుగుట, తడి తగులుట, కత్తి దానిని వేఱుచేయుట, అడుగుబిళ్ల దానిని గవరుపై నదుముట, అన్నియు నొకదానివెంట నొకటి జరుగును. చేయి యెత్తగానే పిడి కమాను బలముచే బైకి లేచును. మురుకుల గొట్టమును నొక్కిన చేతులకు నీ పని నేర్పనక్కఱలేదు.

ఇట్టి యంత్రముల కొన్నింటికి ప్రక్కను చిన్న గవాక్షము వంటి దుండి, అందు అంకెలు మాఱుచుండును. ప్రతి నొక్కునకు నొక యంకె పెరుగును. డబ్బీకి తాళము కలదు. తాళపుచెవి యజమానునికడ నుండును. ఉదయము 500 బిళ్లల చుట్ట నమర్చి తాళము వేసి యిచ్చును. సాయంకాలము గవాక్షమున 320 అని యున్నచో లోపల 180 మిగిలియుండవలయును; బయలుదేఱిన యుత్తరములు 320 ఉండవలయును. ఆ రెండును సరిపోయిన చాలును. ఎవరిని నమ్మవలసిన యవసరము లేదు.

యంత్రమును వాడువారి కిబ్బందులు లేకపోలేదు. నీరెక్కువైన బంక కరగి కత్తికి బట్టి గట్టిపడును. నీరు తక్కువైన బిళ్ల దారిలోనే రాలిపోవును. రాలిన యుత్తరమునకు రుసుము చెల్లలేదని యందుకొనువారియొద్ద వసూలు చేయుదురు. చేయి కొంచెము వంకరయైన బిళ్ల తలక్రిందుగనో, ఓరగనో పడును. దినాంతమున తొట్టిలోని నీరు పాఱబోసి, కత్తిని వెచ్చని నీటి గుడ్డతో దుడువవలయును. అట్లు చేయనియెడల మరునాడుదయము యంత్రము కదలదు. కొబ్బరి కోరును గడుగకుండ మూలబెట్టినపుడు జరుగునదే యిచటను జరుగును. ఒక్కొక్క యంత్రమునకు చుట్ట యొకే తీరున నుండవలయును. బిళ్లలు ప్రక్కప్రక్కగా నున్న చుట్టలు కొన్నింటికి, తల పాదముగ నొకదానిక్రింద నొకటి యున్నవి కొన్నింటికి బనికివచ్చును. అందులకే తపాలాశాఖవారు రెండు విధముల చుట్టలను జేయుచుండిరి.

ఇపుడు తాళపుచెవి మాటకు వత్తము. ఒక చిన్న జీతపు బాలికకు బిళ్లలు చేతి కీయక, తాళమువేసిన పెట్టె నిచ్చి, లెక్క యంకెను జూచుకొనుట యామె నవమానించుట గాదా యని మన కనిపించును. అత్తగారు కొంగున దాళపుచెవుల గుత్తి గట్టుకొని, కోడలికి దినమునకు గావలసిన నూనె గొలిచి పోసిన యిండ్ల సంగతి మన మెఱుగుదుము. కొలత యింటికి మంచిదే కావచ్చును. కొలిపించుకొన్న కోడలి మనసు మాత్రము నొచ్చుకొనును. ఈ యంత్రమును గల్పించినవారి మనసులో ముందుగా నున్నది యీ కొలతయే యని చెప్పుటకు, దానికి లెక్కసాధన మమర్చుటకై వారు పడిన పాట్లే నిదర్శనము. నాలుక బాధ మాత్రమే తొలగింపవలసియున్నచో తాళమును, అంకెలును ఏల?

అయినను రెండవప్రక్కను గూడ జూడవలయును. తాళము లేని కార్యస్థానమున బిళ్లలు తగ్గినపుడు సందేహమెవరిపై బోవును? బిళ్లల పెట్టె యెవరి బల్లపై నుండునో వారిపైననే. ఆమె తీయకపోయినను, తీయలేదని చూపుట కామెయొద్ద నేమియు లేదు. పై యుద్యోగి తన సొంత యుత్తరములకు నాలుగు బిళ్లలు తీసికొనిపోయినను ఆ లోటు క్రిందివారి మీదనే పడును. లెక్కచెప్పు యంత్రమున్నచో నామెకొక మూగసాక్షి దొరకినట్లే. అందుచే తాళము యజమానుని సొత్తును గాపాడినంతగా, ఆ యంకెల గవాక్షము నిర్దోషియైన గుమాస్తా మర్యాదను గాపాడగలదని మేము తలంతుము. ఇంటి ఖర్చుల పుస్తకము వ్రాసికొను గృహిణులకీ సంగతి మఱింత బాగుగా దెలియును. లెక్క వ్రాయుమని యొకరు నిర్బంధించిన కష్టముగ నుండును. లెక్క వ్రాసియుంచుకొన్న దినమున మాట పడకుండ నిలువవచ్చును. ఐతే ఆ యంకెలను జూచు హక్కు యజమానునికెంత గలదో, పనిచేయు నామెకును నంతయే యుండవలయును. తాళము వేసినవాడే యంకె చదివి తానే తీర్పు చెప్పినచో నది సాక్షి గాదు.

ఈ చేతియంత్రము జీవితకాలమున దానికి దాయాదియైన మఱియొక యంత్రము పెరుగుచుండెను. చికాగో నగరమున గోడకాగితములమ్ము నంగడిలో బనిచేయు ఆర్థరు పిట్నీ అనువాడు, బిళ్లయే లేకుండ కవరుపై రుసుము గుర్తు నచ్చొత్తి లెక్క వ్రాసికొను యంత్రమును గల్పించి 1902లో హక్కుపత్రము పొందెను. తరువాత వాల్టరు బోజు అను వర్తకునితో గలిసి కంపెనీ స్థాపింపగా, 1920లో అమెరికా తపాలాశాఖవారు దాని కనుమతి నిచ్చిరి. బిళ్లయే లేనపుడు దొంగిలించుటకేమున్నది, తడుపుట కేమున్నది? పెద్ద వర్తకశాల లన్నియు క్రమముగా నటు మొగ్గినవి. మన దేశమునను పెద్ద కార్యస్థానముల కవరులపై నిట్టి యచ్చుగుర్తు చూచియే యుందురు. చేతియంత్రము, పెద్దయంత్రమును గొనజాలని చిన్న అంగళ్లకును, దేవాలయ సంఘములకును, చందాలు గోరు ధర్మసంస్థలకును మిగిలినది. మొదట లోహముతో జేసినది పోయి, వంద బిళ్లల చుట్ట పట్టునట్టి తేలిక ప్లాస్టికు యంత్రములును వచ్చినవి. వీనికి తాళము లేదు, అంకెల గవాక్షమును లేదు. ఇంట బల్లపై నుంచుకొనుటకు జేసినవి. యజమానుని యనుమానమును దీసివేసిన పిమ్మట నీ యంత్రమున నెంత మిగులునో వానిని జూచిన దెలియును.

నీటి యవసరమే తప్పించిన మార్పు మఱియొకటి. ఆఫ్రికాలోని సియెర్రా లియోను దేశమువారు 1964లో తమ దేశపటము ఆకారమున, వెనుక కాగితము నొలిచి యంటింపదగిన బిళ్లలను వెలువరించిరి. అమెరికావారు 1974లో క్రిస్మసు పండుగకట్టి బిళ్ల నొకదానిని బ్రయత్నించిరి గాని, దాని బంక కాలక్రమమున బిళ్లనే మఱకలు చేసెను. 1990 తరువాత నా లోపములు సవరింపబడి, అచట నొలిచి యంటించు బిళ్లలే సర్వసామాన్యములైనవి. నాలుకతో బిళ్లను దడుపుట యనగా నేమో యెఱుగని పిల్లలు అచట పెరిగి పెద్దవారైరి.

మన తపాలా కచ్చేరులలో బిళ్లలు నేటికిని పలకలుగనే దొరకును; కావున చుట్ట గోరు నాయంత్రము మన యిండ్లలో బనికిరాదు. పాతవస్తువుల యంగడిలో నొకటి కనబడినను, అలంకారమునకు దప్ప గొనవలదు. కాని యీ పని మన యిండ్లనుండి పూర్తిగా పోలేదు. పెండ్లి కుదిరిన యింట శుభలేఖలు వచ్చిన దినమును దలచుకొనుడు. నాలుగు మూలలను పసుపు రాయువా రొకరు, మడిచి కవరులో బెట్టువా రొకరు, పేరులు వ్రాయువా రొకరు, బిళ్ల లంటించువా రొకరు. ఐదువందల శుభలేఖలనిన మన పై లెక్క చొప్పున బిళ్లలకే యేబది నిమిషములు. ఆ వరుసలో గూర్చుండువారు తఱచుగా స్త్రీలును, బడిపిల్లలును. పెండ్లి ఖర్చుల పట్టికలో బిళ్లల వెల యుండును. ఆ చేతుల పని యుండదు. మర్యాదలలో లోపము వచ్చినను, ఒకరికి శుభలేఖ చేరకపోయినను మాత్రము, అంటించిన దెవరని యడుగుదురు. అందుచే పంపిన శుభలేఖలకు పేరుల పట్టిక యొకటి వ్రాసియుంచి, బిళ్ల యంటించినపుడు పేరుకెదురుగ గుర్తు పెట్టుకొనుడని చెప్పుచున్నాము. అది మీ గవాక్షము. దానిని మీరే చదువుకొనవచ్చును.

అంటించు పద్ధతిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది. పలకను ముందుగా రంధ్రముల వెంబడి ముందునకొకసారి, వెనుకకొకసారి మడిచి, పిమ్మట బద్దలుగ జింపుకొనుడు; తొందరపడి లాగిన బిళ్ల మూల చినుగును. చిన్న పళ్లెములో నాలుగు మడతల మెత్తని నూలుగుడ్డ బఱచి తడుపుడు. నీరు పైకి తేలగూడదు. బిళ్ల వెనుకభాగమును దానిపై నొక్కసారి తాకించి కవరుపై నుంచి, పొడిగుడ్డతో నడుమనుండి యంచులవైపు నదుముడు. బిళ్ల వెనుక బంక పలుచనైనదైనచో, బిళ్లను గాక కవరు మూలనే తడిపి యంటించుట మేలు. తడుపుటలో బంక పోదు. గుడ్డను గంట కొకసారి మార్చుడు. అంటించినవానిని వెంటనే దొంతి పెట్టక, తడియాఱు వఱకు విడివిడిగ బఱచుడు. లేనిచో క్రింది బిళ్ల పై కవరు వీపున కంటుకొనును.

వానకాలమున బిళ్లలు ఒకదానికొకటి పట్టుకొన్నయెడల నీళ్లలో వేయవలదు. విడిపోవునుగాని బంకయంతయు గరగిపోవును. మూతగల డబ్బాలో నడుగున తడిగుడ్డ బఱచి, దానిపై చిన్న పళ్లెమును బోర్లించి, ఆ పళ్లెముమీద బిళ్లల నుంచి మూత పెట్టుడు. కొన్ని గంటలలో లోపలి చెమ్మకు బంక మెత్తపడి, చాకు మొనతో మెల్లగా నెత్తిన విడివడును. విడదీసినవానిని బంకవైపు పైకిబెట్టి నీడన నాఱనిండు. ఎండలో నుంచినచో బిళ్ల సొరకాయ తీగవలె జుట్టుకొనిపోవును, దానిని మఱల సాపుచేయుట యెంతయు బ్రయాస.